బీటా-2 6.1, క్రియాటినిన్ 2.6: ఇది నిజంగా మూడో స్టేజీయేనా?

#1 మజ్జలో_మనిషి
కొత్తగా బయటపడ్డ మైలోమా (మజ్జలో ప్లాస్మా కణాల క్యాన్సర్). ఒకటే రిపోర్టు, చదివిన ముగ్గురూ మూడు మాటలు చెబుతున్నారు. అంకెలు పెడతా, మీరే తేల్చండి.

హిమోగ్లోబిన్ 9.1, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) 2.6, కాల్షియం 10.2, ఆల్బుమిన్ 3.7 గ్రా./డె.లీ. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ (కణాల మీంచి ఊడే చిన్న ప్రొటీన్, కింద బీటా-2 అనేది ఇదే) 6.1 మి.గ్రా./లీ. ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే బయటపడే ఎంజైము) 410, ఆ ల్యాబు పై హద్దు 250. ఐజీజీ కప్పా (జబ్బు కణాలు చేసే యాంటీబాడీ రకం), ఎం-స్పైక్ (ఆ యాంటీబాడీ పరిమాణం) 3.4 గ్రా./డె.లీ. ఫ్రీ కప్పా 1850, ఫ్రీ లాంబ్డా 14 (యాంటీబాడీలో చేరకుండా విడిగా తిరిగే లైట్ చెయిన్లు), నిష్పత్తి 132. ఫిష్‌లో (కణాల క్రోమోజోమ్ పరీక్ష) 17పి డెలీషన్ (17వ క్రోమోజోమ్ ముక్క పోవడం) లేదు, టి(4;14) లేదు, టి(14;16) లేదు (ఇవి క్రోమోజోమ్ ముక్కలు చోటు మారడం). 1క్యూ (1వ క్రోమోజోమ్ పొడుగు చేతి అదనపు కాపీ) ఫలితం ఇంకా రావాలి.

మొదటాయన: ఐఎస్‌ఎస్ (మైలోమా స్టేజి లెక్క) 3, ఆర్-ఐఎస్‌ఎస్ (దాన్నే సవరించిన లెక్క) 3, ఇంక మాటల్లేవు. రెండో ఆయన: బీటా-2 పెరిగింది కిడ్నీ వల్ల, దాన్ని పక్కన పడేయండి. మూడో ఆయన: న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి (రెండు రకాల తెల్లకణాల పోలిక) 4.8 ఉంది, అసలు ప్రమాదం అదే. ఎవరి మాట పట్టుకోవాలి?

#2 ల్యాబు_లచ్చి
రిపోర్టు అడుగున చిన్నక్షరాల్లో శాంపిల్ గురించి ఏమైనా రాసి ఉందా? అది చూసి చెప్పండి, మిగతా సంగతి తర్వాత.

#3 మజ్జలో_మనిషి
ఉంది. "శాంపిల్ స్వల్పంగా హిమోలైజ్ అయింది" (ఎర్రకణాలు పగిలాయి) అని. ఎవరూ చూడలేదు.

#4 ల్యాబు_లచ్చి
అనుకున్నా. ఎర్రకణం లోపల ఎల్‌డీహెచ్ సీరంలో ఉన్నదానికంటే వంద రెట్లకు పైనే ఉంటుంది. గొట్టంలో కాసిని కణాలు పగిలితే చాలు, 230 ఉన్నది 400 అయి కూర్చుంటుంది. అదే గొట్టంలో పొటాషియం, ఏఎస్‌టీ (ఇంకో ఎంజైము) కూడా కాస్త పైకి పోయాయేమో చూడండి. మూడూ కలిసి లేచాయంటే రోగం కంటే ముందు సూదిని అనుమానించాలి. అయితే ఇక్కడ క్రియాటినిన్ 2.6 ఉంది కాబట్టి పొటాషియం సాక్ష్యం బలహీనం.

మళ్ళీ తీయించండి. సన్న సూది వద్దు. సిరంజితో గట్టిగా లాగి, అదే సూది గుండా గొట్టంలోకి నొక్కి పోయొద్దు, సగం హిమోలిసిస్ అక్కడే జరుగుతుంది. గొట్టాన్ని ఊపకుండా మెల్లగా తలకిందులు చేస్తే చాలు. అరగంట గడ్డకట్టనిచ్చి తిప్పండి, రెండు గంటల్లోపు సీరం వేరు చేయండి. ఆలస్యమవుతుందని గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళుంటారు. ఎల్‌డీహెచ్ విషయంలో అది తిరగబడుతుంది: దీని 4, 5 ఐసోఎంజైములు (ఉపరకాలు) చల్లదనానికి నీరసపడతాయి, అసలున్నదానికంటే తక్కువ వస్తుంది. ప్లాస్మా గొట్టమైతే ఇంకో తంటా, సరిగ్గా తిప్పకపోతే ప్లేట్‌లెట్లు మిగిలిపోయి అంకెను పెంచుతాయి.

శాంపిల్ శుభ్రంగా ఉండి కూడా ఎక్కువే వస్తే అప్పుడు ఒంట్లో కారణాలు వెతకాలి. రక్తనాళాల్లోనే కణాలు పగులుతున్నాయా అన్నది హాప్టోగ్లోబిన్ అనే రక్త ప్రొటీన్ చెబుతుంది. లివర్ సంగతి ఎలాగూ చూస్తారు. తెల్లకణాలు పెంచే జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ ఈమధ్య పడిందేమో అడగడం మాత్రం ఎవరికీ గుర్తుండదు, అదీ ఎల్‌డీహెచ్‌ను పెంచుతుంది.

#5 లెక్కల_లింగం
లచ్చి గారు పట్టిన ఆ ఒక్క గొట్టం మీద ఎంత బరువు మోపారో చూడండి.

ఐఎస్‌ఎస్: బీటా-2 5.5 గానీ అంతకు పైన గానీ ఉంటే స్టేజి 3, ఆల్బుమిన్ ఎంతున్నా సరే. స్టేజి 1 కావాలంటే బీటా-2 3.5కి తక్కువ, ఆల్బుమిన్ 3.5 లేదా ఆపైన, రెండూ ఉండాలి. మిగిలిందంతా 2. మనది 6.1, కాబట్టి 3. ఇందులో తగువు లేదు.

ఆర్-ఐఎస్‌ఎస్: 3 అనాలంటే ఐఎస్‌ఎస్ 3కి తోడు ఎల్‌డీహెచ్ అయినా ఎక్కువుండాలి, లేదా 17పి డెలీషన్, టి(4;14), టి(14;16)లలో ఒకటైనా ఉండాలి. ఫిష్ శుభ్రంగా ఉంది. అంటే 410 నిజమైతే 3, అబద్ధమైతే 2.

ఆర్2-ఐఎస్‌ఎస్ (రెండోసారి సవరించింది, మార్కులు కూడే లెక్క): ఐఎస్‌ఎస్ 3కి 1.5, ఐఎస్‌ఎస్ 2కి 1, 17పి డెలీషన్‌కి 1, టి(4;14)కి 1, ఎల్‌డీహెచ్ ఎక్కువైతే 1, 1క్యూ అదనపు కాపీకి 0.5. సున్నా అయితే తక్కువ ప్రమాదం, 0.5 నుంచి 1 రెండో గుంపు, 1.5 నుంచి 2.5 మూడోది, 3 నుంచి 5 నాలుగోది. ఇప్పుడున్న అంకెలతో 2.5. రేపు 1క్యూ పాజిటివ్ వస్తే 3, చివరి గుంపు. ఎల్‌డీహెచ్ మామూలైతే మాత్రం 1క్యూ వచ్చినా 2 దగ్గరే ఆగిపోతుంది. సూది గుచ్చినవాడి చెయ్యి బిగుసుకుంటే మనిషి గుంపే మారిపోతుంది!

#6 కొత్తబిచ్చగాడు
ఎల్‌డీహెచ్‌కి ఇంత అని ఒక కటాఫ్ ఎందుకు పెట్టలేదు? కొన్ని ల్యాబుల్లో పై హద్దు 250, కొన్నింట్లో 480. ఏది సరి?

#7 ల్యాబు_లచ్చి
రెండూ సరే. లాక్టేట్ నుంచి పైరువేట్ దిశలో కొలిచే పద్ధతి ఒకటి, అటునుంచి ఇటు కొలిచేది ఒకటి. రెండో దాంట్లో అంకె దాదాపు రెట్టింపు వస్తుంది. అందుకే స్కోరులో అంకె ఇవ్వకుండా "ఆ ల్యాబు పై హద్దు దాటితే" అని ఊరుకున్నారు. ఒక ల్యాబు అంకెను ఇంకో ల్యాబు హద్దుతో పోల్చారో, అంతే సంగతులు.

#8 అడ్డుపుల్ల
ఎల్‌డీహెచ్ సరే. నేను రెండో ఆయన పక్షం. బీటా-2 కిడ్నీలో వడపోతకు గురయ్యే చిన్న ప్రొటీన్. క్రియాటినిన్ 2.6 ఉన్నప్పుడు అది పెరగకపోతే ఆశ్చర్యపోవాలి గానీ పెరిగితే ఏముంది? ఐఎస్‌ఎస్ 3 అనేది ఇక్కడ మైలోమా మార్కు కాదు, కిడ్నీ మార్కు. తీసి పారేయండి.

#9 కిడ్నీ_కామేశం
అడ్డుపుల్ల గారి మాటలో సగం ఒప్పుకుంటా.

బీటా-2 ఊడిపడేది హెచ్‌ఎల్‌ఏ క్లాస్-1 అణువు నుంచి. కేంద్రకం ఉన్న ప్రతి కణం మీదా అది ఉంటుంది. ప్లాస్మా కణాలు ఎక్కువైతే ఊడేదీ ఎక్కువే. బరువు 11.8 కిలోడాల్టన్లు, గ్లోమెరులస్ (కిడ్నీ జల్లెడ) దాన్ని ఆపదు. వడకట్టినదాన్ని ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (ఆ జల్లెడ తర్వాతి గొట్టం) లాక్కుని అరగదీస్తుంది. అంటే రక్తంలో కనిపించే అంకె రెండు కుళాయిల లెక్క: ఎంత ఊడుతోంది, ఎంత పోతోంది. పోయే దారి మూసుకుంటే మైలోమా లేకపోయినా పెరుగుతుంది. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళలో 20 దాటి ఉండటం మామూలే. ఇన్‌ఫెక్షన్లు, లింఫోమా, లూపస్‌లాంటివీ పెంచుతాయి.

ఇక ఒప్పుకోని సగం. 2005లో ఐఎస్‌ఎస్ కట్టినప్పుడు లెక్కలోకి తీసుకున్న పదివేల పైచిలుకు మందిలో కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఏరి తీసేయలేదు. మైలోమాలో కిడ్నీ పోవడం అనేది దానంతట అదే చెడ్డ సూచన. మొదటి నెలల్లో చనిపోయేవాళ్ళలో వీళ్ళ వాటా పెద్దది, మందుల మోతాదులు తగ్గించాల్సి వస్తుంది, ట్రాన్స్‌ప్లాంట్ ఆలస్యమవుతుంది. కాబట్టి 6.1 "కిడ్నీ మార్కే" అయినా, ఆ మార్కుకీ ప్రాణానికీ సంబంధం ఉంది. అది చెప్పలేనిది ఒకటే: మజ్జలో గడ్డ ఎంత ఉందో, ఎంత మొండిదో.

#10 అడ్డుపుల్ల
@కిడ్నీ_కామేశం అంటే గోడ మీద పిల్లివాటం అన్నమాట. పారేయాలా, ఉంచాలా?

#11 ఎముకల_మాస్టారు
దానికి జవాబు 2025లో అచ్చయిన ఐఎంఎస్-ఐఎండబ్ల్యూజీ (అంతర్జాతీయ మైలోమా నిపుణుల సంఘాలు) ఒప్పందంలో ఉంది. హై-రిస్క్ అనడానికి ఉన్న కారణాల్లో బీటా-2 5.5 లేదా ఆపైన ఉండటం ఒకటి, కానీ క్రియాటినిన్ 1.2 లోపు ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మన కేసులో 2.6. ఆ పట్టిక ప్రకారం 6.1కి విలువ సున్నా.

ఆ పట్టికలో మిగతావన్నీ జన్యువులే. 17పి డెలీషన్ 20 శాతం పైబడిన కణాల్లో ఉండటం, లేదా టీపీ53 జన్యువులో మ్యుటేషన్ (మార్పు). టి(4;14), టి(14;16), టి(14;20)లలో ఒకటి ఉండి దానికి 1క్యూ గానీ 1పి32 డెలీషన్ (1వ క్రోమోజోమ్ పొట్టి చేతి ముక్క పోవడం) గానీ తోడవడం. 1పి32 రెండు కాపీలూ పోవడం, లేదా ఒకటి పోయి 1క్యూ తోడుండటం. 1క్యూ ఒంటరిగా వస్తే హై-రిస్క్ కాదు. ఎల్‌డీహెచ్ అసలు పట్టికలోనే లేదు. లచ్చమ్మకు కోపం రావచ్చు.

#12 ల్యాబు_లచ్చి
కోపమెందుకు మాస్టారూ, పని తగ్గింది.

#13 లెక్కల_లింగం
ఇక్కడే అందరూ కలగాపులగం చేస్తారు. ఐఎస్‌ఎస్ కుటుంబం ఒక ప్రశ్నకు జవాబు: ఇలాంటివాళ్ళు వందమంది ఉంటే ఎంతకాలం బతుకుతారు? 2025 పట్టిక ఇంకో ప్రశ్నకు: ఎవరి జబ్బుకు దాని స్వభావంలోనే మొండితనం ఉంది, ఎవరికి వైద్యం గట్టిగా చేయాలి? రెంటికీ జవాబు ఒకటే రావాలని రూలేం లేదు. మొదటాయనకీ రెండో ఆయనకీ గొడవ అందుకే.

ఆర్-ఐఎస్‌ఎస్‌లో అయిదేళ్ళకు బతికున్నవాళ్ళు స్టేజి 1లో 82, 2లో 62, 3లో 40 శాతం. లోపం ఏంటంటే జనంలో 60 శాతం పైగా స్టేజి 2లోనే ఇరుక్కుపోయారు, తిరునాళ్ళ బస్సులాగా. ఆ గుంపును చీల్చడానికే 2022లో ఆర్2 వచ్చింది.

ఐఎస్‌ఎస్‌తో వచ్చిన 62, 44, 29 నెలల మధ్యస్థ ఆయుర్దాయాలను ఇంకా కొంతమంది పేషెంటు ముందు చదువుతున్నారు. దయచేసి ఆపండి. ఆ లెక్క కట్టిన రోజుల్లో ఇప్పటి మందుల్లో చాలావరకు పుట్టనే లేదు. గుంపుల మధ్య తేడా నిలబడింది గానీ ఆ నెలలకు కాలం చెల్లింది.

#14 కొత్తబిచ్చగాడు
మూడో ఆయన సంగతి ఎవరూ ఎత్తలేదు. న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి మీద బోలెడు పేపర్లున్నాయి కదా?

#15 లెక్కల_లింగం
బోలెడున్నాయి, అదే రోగం. ఒక్కో పేపరులో ఒక్కో కటాఫ్. డేటా అంతా చేతికొచ్చాక గీత ఎక్కడ గీస్తే బాగా విడిపోతుందో అక్కడ గీసి "ఇదిగో మార్కర్" అంటారు. బాణం వేశాక చుట్టూ గురి గీసినట్టు. వేరేవాళ్ళ డేటా మీద పెడితే గీత జరిగిపోతుంది. ఆర్‌డీడబ్ల్యూ (ఎర్రకణాల సైజుల తేడా), ప్లేట్‌లెట్-లింఫోసైట్ నిష్పత్తి, అన్నీ ఈ బాపతే.

@మజ్జలో_మనిషి ఒక్కటి చెప్పండి. ఆ సీబీసీ (రక్తకణాల లెక్క) తీసేనాటికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలైందా?

#16 మజ్జలో_మనిషి
కిడ్నీ కోసమని ముందురోజే 40 మి.గ్రా. ఇచ్చారు.

#17 లెక్కల_లింగం
అయితే 4.8 డెక్సాది. స్టెరాయిడ్ రక్తనాళం గోడలకు అతుక్కున్న న్యూట్రోఫిల్స్‌ను ప్రవాహంలోకి వదిలిస్తుంది, లింఫోసైట్లను తగ్గిస్తుంది. పైది పెరిగి కిందిది తగ్గితే నిష్పత్తి ఎటు పోతుంది? మూడో ఆయనకు నమస్కారం చెప్పండి.

#18 అడ్డుపుల్ల
ఒక్క నిష్పత్తి కోసం అంత వెటకారం దేనికి? సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ చూపే ప్రొటీన్) కూడా ఒకప్పుడు ఇలాగే రాజ్యమేలింది. బీటా-2, సీఆర్‌పీ కలిపి స్టేజింగ్ చేసేవాళ్ళు.

#19 ఎముకల_మాస్టారు
నిజమే, 90ల్లో. దాని వెనక తర్కమూ ఉంది: ప్లాస్మా కణాలను పెంచేది ఐఎల్-6 (కణాల మధ్య కబురు మోసే ప్రొటీన్), లివర్‌తో సీఆర్‌పీ చేయించేదీ ఐఎల్-6. ఆల్బుమిన్ తగ్గించేదీ అదే. ఐఎస్‌ఎస్‌లో ఆల్బుమిన్ కూర్చున్నది ఆ దారినే. కానీ సీఆర్‌పీకి చిన్న న్యుమోనియా చాలు, లెక్క తలకిందులవుతుంది. మైలోమాలో న్యుమోనియాలకు కొదవా?

#20 ల్యాబు_లచ్చి
ఆల్బుమిన్ మాట వచ్చింది కాబట్టి. ఆల్బుమిన్ కొలిచే రంగులు రెండు: బ్రోమోక్రెసాల్ గ్రీన్, బ్రోమోక్రెసాల్ పర్పుల్. గ్రీన్ ఇతర గ్లోబ్యులిన్లకు కూడా కాస్త అంటుకుని అంకెను పెంచుతుంది, తేడా 0.5 దాకా పోవచ్చు. ఈ కేసులో బీటా-2 5.5 దాటింది కాబట్టి ఆల్బుమిన్‌తో పనిలేదు. అదే బీటా-2 3.2 ఉన్న మనిషికి గ్రీన్‌తో 3.7, పర్పుల్‌తో 3.3 వచ్చిందనుకోండి. ఒక ల్యాబులో స్టేజి 1, ఇంకో ల్యాబులో స్టేజి 2.

ఇంకోటి. ఆల్బుమిన్ తగ్గితే వెంటనే ఐఎల్-6 అనకండి. మూత్రంలో పోతోందేమో చూడండి.

#21 కిడ్నీ_కామేశం
+1. డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచే స్ట్రిప్) పట్టేది ఆల్బుమిన్‌నే, లైట్ చెయిన్లు దానికి కనపడవు. స్ట్రిప్‌లో "ట్రేస్", 24 గంటల ప్రొటీన్ 3 గ్రాములు వస్తే పోతున్నది లైట్ చెయిన్, కాస్ట్ నెఫ్రోపతీ (లైట్ చెయిన్లు కిడ్నీ గొట్టాలను మూసేయడం) వైపు ఆలోచించండి. స్ట్రిప్‌లోనే 3+ ఉంటే పోతున్నది ఆల్బుమిన్, అప్పుడు అమిలాయిడ్ గానీ లైట్ చెయిన్ డిపోజిషన్ గానీ (రెండూ ఆ ప్రొటీన్ అవయవాల్లో పేరుకోవడమే). ఆ దారి పట్టారంటే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ట్రోపోనిన్ (గుండె దెబ్బ చూపే రక్త పరీక్షలు) చేయించాలి. అమిలాయిడ్‌లో ఆయుష్షు చెప్పేది గుండె, మజ్జ కాదు. కిడ్నీ బాగోలేకపోతే ప్రోబీఎన్‌పీ కూడా ఊరికే పెరుగుతుందని గుర్తుపెట్టుకోండి.

మన కేసులో ఫ్రీ కప్పా 1850. 1500 దాటిందంటే కాస్ట్ నెఫ్రోపతీ అనే అనుకుని పరుగెత్తాలి. నా దృష్టిలో ఈ రిపోర్టులో అన్నిటికన్నా పనికొచ్చే అంకె ఇదే, మీరంతా 6.1 చుట్టూ తిరుగుతున్నారు. మూడు వారాల్లోపు ఫ్రీ లైట్ చెయిన్ 60 శాతం తగ్గితే కిడ్నీ కోలుకునే అవకాశం బాగా పెరుగుతుంది. అంటే 21వ రోజుకి 740 గానీ అంతకు కింద గానీ ఉండాలి. ఈలోపు నొప్పి మాత్రల పేరుతో డైక్లోఫెనాక్‌లాంటివి పడకుండా చూడండి.

#22 కొత్తబిచ్చగాడు
ఎం-స్పైక్ చూసుకుంటే చాలదా? అదీ తగ్గుతుంది కదా?

#23 లాంబ్డా_లలిత
మూడు వారాల్లో అది చెప్పేది తక్కువ. ఐజీజీ అర్ధాయుష్షు 3 వారాలు. ఫ్యాక్టరీ ఈరోజే మూసేసినా గోడౌన్‌లో సరుకు సగమవడానికి 3 వారాలు పడుతుంది. ఫ్రీ కప్పా అర్ధాయుష్షు 2 నుంచి 4 గంటలు, లాంబ్డాది 3 నుంచి 6. కిడ్నీ పాడైతే అది రోజుల్లోకి సాగుతుంది, అయినా ఐజీజీ కంటే చాలా ముందే కబురు చెబుతుంది.

ఫ్రీ లైట్ చెయిన్‌తో జరిగే పొరపాట్లు నా దగ్గర మూట కట్టి ఉన్నాయి.

యూనిట్. కొన్ని ల్యాబులు మి.గ్రా./లీ., కొన్ని మి.గ్రా./డె.లీ. ఇస్తాయి. పది రెట్ల తేడా. 185 చూసి "1850 నుంచి 90 శాతం పడింది" అని సంబరపడేవాళ్ళున్నారు. @మజ్జలో_మనిషి మీ 1850 ఏ యూనిటో రాయలేదు, కామేశం గారు లీటరుకనే అనుకుని 740 చెప్పారు.

కిట్. ఫ్రీలైట్, ఎన్-లేటెక్స్ అనే కిట్లు ఒకటి కాదు. ఒకదానితో మొదలుపెట్టి ఇంకోదానితో పోల్చొద్దు. ల్యాబు మారితే కొత్త ల్యాబులో మళ్ళీ మొదటి అంకె తీసుకోవాలి.

నిష్పత్తి హద్దు. ఫ్రీలైట్‌లో మామూలు హద్దు 0.26 నుంచి 1.65. కిడ్నీ దెబ్బతింటే కప్పా ఎక్కువ నిలిచిపోతుంది కాబట్టి 0.37 నుంచి 3.1 వాడతారు. క్రియాటినిన్ 2.6 మనిషికి నిష్పత్తి 2.4 వస్తే ఉలిక్కిపడాల్సిన పనిలేదు. మన 132కి మాత్రం ఏ సాకూ లేదు. నిష్పత్తి 100 దాటి, పెరిగిన లైట్ చెయిన్ 100 మి.గ్రా./లీ. పైనుంటే ఎముక నొప్పి లేకపోయినా 2014 నుంచి అది వైద్యం మొదలుపెట్టాల్సిన మైలోమాయే.

అసలు దొంగ: యాంటిజెన్ (కొలవాల్సిన ప్రొటీన్) మరీ ఎక్కువైతే కిట్‌లోని యాంటీబాడీ చాలక అంకె పడిపోతుంది. నిజంగా 8000 ఉన్న శాంపిల్ 90 అని వచ్చే ప్రమాదం ఉంది. క్లినిక్‌లో కథ ఒకటి, అంకె ఇంకొకటి చెబుతుంటే ల్యాబుకి ఫోన్ చేసి "ఇంకా పలచన చేసి మళ్ళీ నడపండి" అనండి. రెండోసారి పెరిగితే మొదటిది అబద్ధం.

#24 మజ్జలో_మనిషి
మి.గ్రా./లీ. అండీ, ఇప్పుడే చూశా. ఫ్రీలైట్.

#25 అడ్డుపుల్ల
లలిత గారూ, ఐజీఏ (ఇంకో యాంటీబాడీ రకం) కేసుల్లో ఎం-స్పైక్ 0.6 అని రిపోర్టు, మొత్తం ఐజీఏ 2900 మి.గ్రా./డె.లీ. అని ఇంకో రిపోర్టు. మీ డిపార్ట్‌మెంటే కదా, ఏది నమ్మాలి?

#26 లాంబ్డా_లలిత
ఐజీఏ. ఆ పట్టీ బీటా ప్రాంతంలో ట్రాన్స్‌ఫెరిన్, సీ3ల వెనక దాక్కుంటుంది, డెన్సిటోమీటర్ (పట్టీల చిక్కదనం కొలిచే యంత్రం) గీత ఎక్కడ గీయాలో తెలియక తికమకపడుతుంది. అలాంటివాళ్ళను మొదటినుంచీ నెఫెలోమెట్రీ (కాంతి చెదరడాన్ని బట్టి మొత్తం కొలిచే పద్ధతి) ఐజీఏతోనే వెంబడించాలి. ఒకసారి స్పైక్, ఒకసారి మొత్తం ఐజీఏ అని దూకకూడదు. ఐజీజీకి మాత్రం తలకిందులు: పెద్ద స్పైకులను నెఫెలోమెట్రీ ఎక్కువ చేసి చూపిస్తుంది, స్పైకే నయం.

#27 రక్తనిధి_రమణ
డారాటుముమాబ్ (ప్లాస్మా కణాల మీది సీడీ38 ప్రొటీన్‌ను పట్టే మైలోమా మందు) మొదలుపెడుతున్నారా? అయితే మొదటి డోసుకి ముందే గ్రూపు, యాంటీబాడీ స్క్రీన్, వీలైతే ఎర్రకణాల ఫీనోటైప్ (వాటి మీది యాంటిజెన్ల జాబితా) చేయించండి. హిమోగ్లోబిన్ 9.1 అన్నారు, రేపో మాపో రక్తం అడుగుతారు. ఆ మందు ఎర్రకణాల మీదున్న కొద్దిపాటి సీడీ38కి అతుక్కుని ఇన్‌డైరెక్ట్ కూంబ్స్‌ను (రక్తం సరిపోతుందో చూసే పరీక్ష) అన్ని కణాలతోనూ పాజిటివ్ చేస్తుంది. చివరి డోసు తర్వాత కూడా నెలల తరబడి, ఆరు నెలల దాకా ఉండొచ్చు. డీటీటీ అనే రసాయనంతో కణాలను శుద్ధి చేసి పని జరుపుతాం గానీ డీటీటీ కెల్ యాంటిజెన్లను (ఇంకో రక్త గ్రూపు) నాశనం చేస్తుంది, అందుకని కె-నెగటివ్ రక్తం ఇస్తాం. చెప్పకుండా మందు ఎక్కించి అర్ధరాత్రి రక్తం అడిగితే మా తిట్లు మీకు వినపడవు, అంతే.

#28 లాంబ్డా_లలిత
రమణ గారి బాధే మాకూ. డారాటుముమాబ్ కూడా ఐజీజీ కప్పా యాంటీబాడీయే. ఇమ్యునోఫిక్సేషన్‌లో (యాంటీబాడీ రకం తేల్చే జెల్ పరీక్ష) సన్న గీతలా కనపడుతుంది. ఈ పేషెంటుదీ ఐజీజీ కప్పాయే కాబట్టి రేపు స్పైక్ అంతా పోయి 0.1 దగ్గర చిన్న పట్టీ మిగిలితే అది రోగానిదా మందుదా? పాత పట్టీ జెల్‌లో ఎక్కడ పరిగెత్తిందో పక్కన పెట్టి చూడాలి. చోటు వేరైతే మందుది. ఒకేచోట ఉంటే మందు పట్టీని పక్కకు జరిపే ప్రత్యేక పరీక్ష గానీ మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువు బరువును బట్టి గుర్తుపట్టే పద్ధతి) గానీ కావాలి. రిక్వెస్ట్ ఫారం మీద మందు పేరు రాయండి బాబూ, సగం తలనొప్పి తగ్గుతుంది.

#29 మజ్జలో_మనిషి
అప్‌డేట్. మళ్ళీ తీసిన ఎల్‌డీహెచ్ 231, శాంపిల్ శుభ్రం. 1క్యూ వచ్చింది, మూడు కాపీలు.

#30 లెక్కల_లింగం
ఐఎస్‌ఎస్ 3. ఆర్-ఐఎస్‌ఎస్ 2. ఆర్2: 1.5 + 0.5 = 2, మూడో గుంపు. 2025 పట్టికలో 1క్యూ ఒంటరి, బీటా-2కి క్రియాటినిన్ అడ్డం, కాబట్టి హై-రిస్క్ కాదు. ఫైలులో నాలుగూ రాయండి, పక్కనే క్రియాటినిన్ కూడా. 1పి32 ఫిష్‌లో చూశారా? అదొక్కటి పాజిటివ్ అయితే నా చివరి మాట మారుతుంది.

#31 మజ్జలో_మనిషి
ప్యానెల్‌లో లేదు. అడుగుతా. టీపీ53 సీక్వెన్సింగ్ కూడా.

#32 ఎముకల_మాస్టారు
స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తం) ఎవరైనా కళ్ళతో చూశారా? ప్లాస్మా కణాలు బయటి రక్తంలో 5 శాతం ఉంటే 2021 నుంచి అది ప్లాస్మా సెల్ లుకేమియా కింద లెక్క, అంతకుముందు 20 శాతం అనేవాళ్ళు. మెషీన్ వాటిని మోనోసైట్లనో వింత లింఫోసైట్లనో రాసేస్తుంది. వంద కాదు, రెండొందల కణాలు లెక్కపెట్టించండి. ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా గుర్తించే యంత్రం) ఉంటే ఇంకా తక్కువ సంఖ్యలూ దొరుకుతాయి. ఆ సంఖ్య పెరిగేకొద్దీ జబ్బు ముందుకు దూకే వేగమూ పెరుగుతుందని బాగానే తేలింది. నన్నడిగితే రాబోయే రోజుల్లో బీటా-2 కుర్చీ దానిదే.

#33 అడ్డుపుల్ల
రక్తంలో కరిగిన బీసీఎంఏ (ప్లాస్మా కణాల మీంచి ఊడే ప్రొటీన్) కూడా ఆ కుర్చీ మీద కన్నేసింది మాస్టారూ. కిడ్నీతో లంకె లేదు, స్పైకే లేని నాన్-సెక్రెటరీ వాళ్ళలో కూడా కనపడుతుంది.

#34 ఎముకల_మాస్టారు
బాగుంది, కానీ మామూలు ల్యాబులో దొరకాలిగా. ఒప్పుకున్న కటాఫూ కావాలి. అప్పటిదాకా ఇల్లు అలకగానే పండగ కాదు.

#35 కొత్తబిచ్చగాడు
నాలుగు సైకిళ్ళ తర్వాత క్రియాటినిన్ 1.1, బీటా-2 2.9 వచ్చాయనుకుందాం. ఐఎస్‌ఎస్ 1కి దిగినట్టేనా?

#36 లెక్కల_లింగం
కాదు. స్టేజి అనేది వైద్యానికి ముందు తీసిన ఫొటో. తర్వాత ఎంత నవ్వినా ఆ ఫొటో మారదు. నెలనెలా బీటా-2 చేయించడం దండగ. ప్రతి సైకిల్‌కీ స్పైక్, ఫ్రీ లైట్ చెయిన్, సీబీసీ, క్రియాటినిన్, కాల్షియం చాలు. కాల్షియం ఎక్కువ వచ్చి లక్షణాలు లేకపోతే అయనైజ్డ్ (దేనికీ అతుక్కోని కాల్షియం) చేయించండి, ఎం-ప్రొటీన్ కొన్నిసార్లు కాల్షియాన్ని పట్టుకుని మొత్తం అంకెను ఊరికే పెంచుతుంది.

జబ్బు తిరగబెట్టిందనడానికి కూడా లెక్కుంది: స్పైక్ తన అతి తక్కువ అంకె నుంచి 25 శాతం పెరగాలి, దాంతోపాటు కనీసం 0.5 గ్రా./డె.లీ. పెరగాలి, వరసగా రెండు శాంపిళ్ళలో. 0.4 నుంచి 0.7కి పోతే 75 శాతం అని గుండెలు బాదుకుంటారు. పెరిగింది 0.3, లెక్కలోకి రాదు, మళ్ళీ చూడండి. స్పైక్ కదలకుండా ఫ్రీ కప్పా ఒక్కటే ఎగబాకితే మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. క్లోన్ (జబ్బు కణాల గుంపు) హెవీ చెయిన్ మానేసి లైట్ చెయినే తయారుచేసే రకంగా మారడం ఉంది, అప్పుడు మళ్ళీ మొదట దెబ్బతినేది కిడ్నీయే.

#37 అడ్డుపుల్ల
రక్తంలో అన్నీ మాయమైతే మజ్జ తీయడం మానేయొచ్చా? పేషెంట్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

#38 ఎముకల_మాస్టారు
ఇప్పుడే కాదు. కంప్లీట్ రెస్పాన్స్ అనాలంటేనే మజ్జలో ప్లాస్మా కణాలు 5 శాతం లోపు ఉన్నాయని చూపాలి. ఎంఆర్‌డీ (మిగిలిపోయిన జబ్బు కణాల పరీక్ష) లక్షలో ఒక కణం దాకా వెతుకుతుంది, అదీ మజ్జలోనే. 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) సలహా సంఘం 12-0తో ఒప్పుకున్నది కూడా మజ్జ ఎంఆర్‌డీనే, అదీ ట్రయల్స్‌లో త్వరగా ఫలితం తేల్చడానికి. రక్తం మీద మాస్ స్పెక్ట్రోమెట్రీ దగ్గరకొస్తోంది, కానీ ఐజీజీ గోడౌన్ ఖాళీ అయ్యేదాకా పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. లలితమ్మ 23వ పోస్టు మళ్ళీ చదువుకోండి.

#39 కిడ్నీ_కామేశం
@మజ్జలో_మనిషి 24 గంటల మూత్రం గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. పంపారా?

#40 మజ్జలో_మనిషి
స్పాట్ శాంపిల్ పంపాం. ఫ్రీ లైట్ చెయిన్ ఉంది కదా అని...

#41 కిడ్నీ_కామేశం
అది దీనికి బదులు కాదు. రేపు స్పందన లెక్కలో మూత్రపు ఎం-ప్రొటీన్ 24 గంటలకు 100 మి.గ్రా. లోపుందా అని అడుగుతారు, మొదటి అంకె లేకపోతే దేనితో పోలుస్తారు? డెక్సా పడింది కాబట్టి ఇప్పటికే ఆలస్యం, ఇంకా జాప్యం చేయొద్దు. పొద్దున లేవగానే మొదటిది పారబోసి టైము రాసుకోవాలి, ఆపైన ప్రతి చుక్కా సీసాలోకి, మర్నాడు అదే టైముకి చివరిది కూడా కలపాలి. సీసా చల్లటి చోట ఉంచాలి. మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో ఫారం మీద రాయకపోతే ల్యాబు ఇచ్చే శాతాన్ని గ్రాముల్లోకి మార్చలేరు.

#42 ల్యాబు_లచ్చి
మొదటిది కూడా సీసాలో పోసి 24 గంటలు అంటారు, అది 30 గంటల మూత్రం అవుతుంది. సీసా మూత మీద కాదు, ఒంటి మీద రాయించండి పేరు. మూతలు మారిపోతాయి.

#43 మజ్జలో_మనిషి
రేపు పొద్దున 6కి మొదలు. 1పి32 కూడా అడిగేశా, మజ్జ శాంపిల్‌లో సీడీ138 (ప్లాస్మా కణాల గుర్తు) పట్టుకుని వేరు చేసిన కణాలు ఇంకా మిగిలున్నాయట.